ఆవలి యొడ్డున చెల్లని కార్డు

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు చోట ఒక యొడ్డున సిరొంచ, ఎదుటి యొడ్డున కాళేశ్వరము నున్నవి. సిరొంచ మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాకు చెందిన తాలూకా కేంద్రము. కాళేశ్వరము తెలంగాణలోని జయశంకర్ భూపాలపల్లి జిల్లాది. ఇంగ్లీషువారి కాలమున మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచయే ముఖ్యపట్టణము. 1956లో రాష్ట్రములను పునర్విభజించినప్పుడు విదర్భతోపాటు అది బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1960లో మహారాష్ట్రములో భాగమై, 1982లో చంద్రపూరు జిల్లానుండి విడివడిన గడ్చిరోలిలో చేరినది. గీతలు మాఱినను వియ్యములు మాఱలేదు, సంతలు మాఱలేదు, ఇంటిలో తెలుగు మాటయు మాఱలేదు; మాఱినది కచేరి యొక్కటే. తన జిల్లా కేంద్రమునకు ఈ ఊరు ఆలాపల్లి అడవుల కావల, ఇన్నూఱు కిలోమీటర్లకు పైబడిన దూరమున, రాష్ట్రపు చిట్టచివరి మూలను పడియున్నది.

సిరొంచలో గ్రామీణ ఆసుపత్రి కలదు. అంతకు మించిన వైద్యము కావలసినప్పుడు అహేరికో, గడ్చిరోలికో, చంద్రపూరుకో పోవుట యొక మార్గము. ఏరు దాటి చెన్నూరు, మంచిర్యాల, కరీంనగరు, వరంగల్లు చేరుట మఱియొక మార్గము. మొదటిది కాగితము చూపెడు త్రోవ, రెండవది కాళ్ళెఱిగిన త్రోవ. నదులపై వంతెనలు పడిన పిదప, పడవకై కాచుకొనవలసిన నాటికంటె ఈ రెండవ త్రోవ మఱింత సుగమమైనది. డాక్టరుతో తన బాధను తన భాషలో చెప్పుకొనగలుగుట రోగికి సగము మందు గనుక, జనులు సహజముగ దానినే పట్టిరి. అయితే చికిత్సకు సొమ్ము ఎవరిత్తురను ప్రశ్న వచ్చునప్పటికి కాళ్ళెఱిగిన త్రోవకు కాగితము అడ్డుపడినది. కోవిడ్ మహమ్మారి ఆ యడ్డంకిని అందఱి కన్నులకు గట్టునట్లు చూపినది.

మొదట ఆ కాగితమును చూతము. సిరొంచ ఇంటిలోని పేదవాని రేషన్ కార్డు పసుపుపచ్చనిది, కొంచెము రాబడి గలవానిది కాషాయపు రంగుది, కలిగినవానిది తెల్లనిది. ఏటి కావల, తెలుగునాట, వ్యవహారము దీనికి సరిగా తలక్రిందులు. అక్కడ తెల్లకార్డన్నచో పేదవాని కార్డే. ఒకే వంశపు అన్నదమ్ములలో ఒకడు కాళేశ్వరమున తెల్లకార్డు చూపి ఆరోగ్యశ్రీ పొందగా, రెండవవాడు సిరొంచలో తెల్లకార్డు కలవాడైనచో ఆరోగ్యపథకమునకు దూరమైన రోజులు చాలకాలము నడచినవి. సర్కారు ఆరోగ్యబీమా మనిషిని చూచి గాక కార్డును చూచి, ఆ కార్డు ఏ రాష్ట్రపుదో చూచి ఇచ్చునది యనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆ పథకముల పుట్టుక తెలుగువారికి తెలిసినదే. వై.యస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీని ఆరంభించినది. దానిని మాదిరిగా గొని మహారాష్ట్ర ప్రభుత్వము 2012 జులై 2న రాజీవ్‌గాంధీ జీవన్‌దాయీ ఆరోగ్య యోజనను ఎనిమిది జిల్లాలలో మొదలుపెట్టెను. ఆ యెనిమిదింటిలో గడ్చిరోలియు నొకటి. 2013 నవంబరులో అది రాష్ట్రమంతట వ్యాపించి, 2017లో మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన యను పేరు ధరించినది. నాడు దానిలో కుటుంబమునకు ఏటా లక్షన్నర రూపాయల వఱకు, మూత్రపిండపు మార్పిడికి రెండున్నర లక్షల వఱకు చికిత్స ఉచితముగ నుండెను. కేంద్ర ప్రభుత్వము 2018 సెప్టెంబరు 23న రాంచీలో ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ పథకము కుటుంబమునకు అయిదు లక్షల వఱకు భరించును. 2020 ఏప్రిల్ 1నుండి మహారాష్ట్రములో ఈ రెండును జంటగా నడచుచున్నవి.

ఈ పథకములలో చేరిన ఆసుపత్రి ముంగిట ఒక బల్ల, ఒక కంప్యూటరు, దాని వెనుక ఆరోగ్యమిత్ర యనబడు ఉద్యోగి యుండును. రెండు రాష్ట్రములలోను ఆ యుద్యోగి పేరొక్కటే. రోగి బంధువు ముడి విప్పి తీసియిచ్చిన రేషన్ కార్డును, ఆధార్‌ను అతడు సరిచూచి, డాక్టరు వ్రాసిన రోగనిర్ణయమును, పరీక్షల కాగితములను పైకి పంపును. అక్కడినుండి అనుమతి వచ్చిన పిదప చికిత్స సాగును. రోగి చేతినుండి రూపాయి పడనక్కఱలేదు. సొమ్ము తరువాత ఆసుపత్రికి చేరును. ఈ యేర్పాటు చక్కగా నడచుటకు మూడు కుదురవలెను: కార్డు జాబితాలో నుండవలెను, జబ్బు జాబితాలో నుండవలెను, ఆసుపత్రి జాబితాలో నుండవలెను. మూడింటిలో ఏ యొక్కటి తప్పినను తక్కిన రెండును వ్యర్థములే.

ఇక మహమ్మారి మాట. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసరస్థితిని ప్రకటించి, 2023 మే 5 వఱకు దానిని కొనసాగించినది. మన దేశమున ప్రభుత్వముల చేతికి ముందుగా అందిన ఆయుధము 1897 నాటి అంటువ్యాధుల చట్టము. అది బొంబాయి ప్లేగు కాలమున పుట్టినదే. బీమా కంపెనీల కాపరి యయిన ఐఆర్‌డీఏఐ యను నియంత్రణ సంస్థ హైదరాబాదులోనే యున్నది. అది 2020 మార్చి 4ననే, ఆసుపత్రి చికిత్సకు వర్తించు పాలసీలన్నియు కోవిడ్‌కును వర్తింపవలెనని ఉత్తరువు చేసినది. ప్రైవేటు పాలసీ గలవారికి అది మేలైన మాటయే కాని, సిరొంచవంటి చోట ప్రైవేటు పాలసీ గల యిండ్లు వెదకిన గాని దొరకవు. అక్కడివారికి దిక్కు సర్కారు కార్డే.

మహారాష్ట్ర ప్రభుత్వము ఈ సందర్భమున ఒక మంచి పని చేసెను. 2020 మే నెలలో ఫులే పథకమును కార్డు రంగుతో నిమిత్తము లేక రాష్ట్రవాసులందఱికి విస్తరించినది. తెల్లకార్డు కలవాడు తొలిసారిగా ఆ బల్ల ముందు నిలువగలిగెను. ప్రైవేటు ఆసుపత్రులు రోజుకు వార్డులో 4,000, ఐసీయూలో 7,500, వెంటిలేటరుతో 9,000 రూపాయలకు మించి వసూలు చేయరాదని నిర్ణయించినది. జూన్ 15న తెలంగాణ ప్రభుత్వమును సరిగా ఇవే ధరలను విధించినది. ఏటి కిరువైపుల పడక ధర యొక్కటే, జబ్బు ఒక్కటే. ఆ ధరను చెల్లించు చేయి మాత్రము వేఱు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే కోవిడ్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చుకొనగా, తెలంగాణ మొదట సర్కారు దవాఖానాలలో ఉచిత చికిత్సనే నమ్ముకొని ప్రైవేటు ఆసుపత్రులలోని కోవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీకి బయట నుంచినది.

ఇక్కడనే సరిహద్దు మనిషి కష్టమంతయు నున్నది. ఫులే పథకపు కార్డు నాడు మహారాష్ట్రములోని ఆసుపత్రులకే చెల్లెడిది. ఆయుష్మాన్ కార్డునకు మాత్రము, పథకములో చేరిన ఏ రాష్ట్రములోనైనను చెల్లుబాటగు గుణము మొదటినుండి కలదు. కాని తెలంగాణ ఆయుష్మాన్ భారత్‌లో చేరినది 2021 మే 18న. అనగా మహమ్మారి మొదటి యేడాది యంతయు, రెండవ కెరటము ఉద్ధృతముగా నున్న ఏప్రిల్ మాసములోను, మే సగము గడచు వఱకును, సిరొంచవాసి చేతనున్న అయిదు లక్షల కార్డునకు ఏటి కావలి ఆసుపత్రిలో విలువ లేదు. గడ్చిరోలికి పోవుటకు ఊపిరి చాలదు, మంచిర్యాలకు పోయినచో కార్డు చాలదు. ఇట్టి సందున చిక్కినవాడు పొలము కుదువ పెట్టియో, అప్పు తెచ్చియో రోజుకు నాలుగు వేలకు పైబడి కట్టుకొనవలసినదే.

ఆ మే నెలలోనే తెలంగాణ ప్రభుత్వము, ఇతర రాష్ట్రములనుండి వచ్చు కోవిడ్ రోగులు ముందుగ ఆసుపత్రి అంగీకారము పొందిన గాని సరిహద్దు దాటరాదని ఆదేశించినది. కర్నూలు ప్రక్కనున్న పుల్లూరు టోల్‌గేటువద్ద అంబులెన్సులు ఆగిపోయిన దృశ్యమును పత్రికలలో చూడనివారు లేరు. మే 14న హైకోర్టు ఆ యాదేశమును నిలిపివేసినది. అంతకు ముందే, ఏప్రిల్ 30న, సుప్రీంకోర్టు స్పష్టముగ చెప్పియుండెను: స్థానిక నివాసపత్రము లేదను కారణముచే ఏ రాష్ట్రమునందును రోగిని చేర్చుకొనక పంపివేయరాదు, అవసరమగు మందు నిరాకరింపరాదు. న్యాయస్థానము తలుపు తెఱపించినది. తలుపు దాటిన పిమ్మట బిల్లు చెల్లించు బాధ్యత ఎవరిదను ప్రశ్న మాత్రము రాష్ట్రముల నడుమనే యుండిపోయినది. లోపలికి పోవు హక్కు, బాకీ లేకుండ బయటికి వచ్చు హక్కు ఒకటి కావు.

ఇప్పుడు టీకా వైపు చూతము. ఎందుకనగా అక్కడ కథ వేఱుగా నడచినది. బీమా యనగా నలుగురు కొంచెము కొంచెము వేసికొనిన సొమ్ముతో ఒకని ఆపద తీర్చుట. ఆపద ఎవరికి వచ్చునో, ఎప్పుడు వచ్చునో తెలియనప్పుడే ఆ లెక్క కుదురును. టీకా ఆపద కాదు, అందఱును తప్పక వేయించుకొనవలసినది. తప్పనిసరి ఖర్చును బీమా భరించుట యనగా మన చేతి సొమ్ము మనకే త్రిప్పి యిచ్చి నడుమ కూలి పుచ్చుకొనుటయే. కావుననే మన దేశపు సామాన్య ఆరోగ్యపాలసీలలో టీకాల ఖర్చు మినహాయింపబడి యుండును. కుక్క కఱచిన తరువాత వేయు సూదిమందువంటివి మాత్రమే దీనికి అపవాదము. టీకాకు ధర్మమైన మార్గము ప్రభుత్వ బొక్కసమే. మశూచికి మన దేశమున తొలి టీకా 1802లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల పాపకు వేసినది మొదలు, 1897 జనవరిలో అదే బొంబాయిలో హాఫ్‌కిన్ ప్లేగు టీకాను ముందు తనకే పొడుచుకొని పరీక్షించినది మొదలు, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమము ఏర్పడు వఱకు, టీకా మన సమాజమున ప్రజల పక్షమున సర్కారు నిర్వహించు కార్యముగానే పెరిగినది.

కోవిడ్ టీకా 2021 జనవరి 16న మొదట వైద్యసిబ్బందికి, మార్చి 1నుండి అఱువది యేండ్లు దాటినవారికి, ఏప్రిల్ 1నుండి నలుబదియైదు దాటినవారికి, మే 1నుండి పదునెనిమిది నిండినవారికి తెఱవబడినది. నడుమ కొంతకాలము రాష్ట్రములు వేఱుగా, ప్రైవేటు ఆసుపత్రులు వేఱుగా కొనుక్కొను పద్ధతి వచ్చి గందరగోళమైనది. జూన్ 21నుండి కేంద్రమే కొని వయోజనులందఱికి ఉచితముగా నిచ్చు పద్ధతికి మఱలుటతో అది చక్కబడినది. ప్రైవేటుగ వేయించుకొనువారికి కోవిషీల్డు 780, హైదరాబాదు భారత్ బయోటెక్‌వారి కోవాక్సిన్ 1,410 రూపాయలని గరిష్ఠధరలు నిర్ణయింపబడెను. ఇందులో సరిహద్దు మనిషికి ముఖ్యమైన మాట వేఱొకటి కలదు. కేంద్రపు మార్గదర్శకములలో టీకాకు నివాసరాష్ట్రపు నియమము లేదు. ఏదో ఒక గుర్తింపుకార్డు చూపి, మొదటి సూది ఈవలి యొడ్డున, రెండవ సూది ఆవలి యొడ్డున వేయించుకొన్నను సర్టిఫికెట్టు ఒక్కటే. చికిత్స అడిగినవానిని నీది ఏ రాష్ట్రమని అడిగిన వ్యవస్థయే, టీకా అడిగినవానిని నీవెవరవని మాత్రమే అడిగినది.

టీకా ఉచితమైనంత మాత్రమున అందఱి భుజమునకు చేరినదని కాదు. అడవిలోని గోండు, మాడియా గూడెములలో సూది యన్నచో బెదురు మెండు. వేయించుకొన్నచో జ్వరము వచ్చును, జ్వరము వచ్చినచో పని పోవును, పని పోయినచో పూట గడవదు. ఈ భయము అజ్ఞానమని కొట్టిపారవేయుట పట్టణవాసికి సులభము. టీకా తరువాత ఏదైన వికటించి ఆసుపత్రిలో చేరవలసివచ్చినచో ఖర్చెవరిదని గూడెపువాడు అడిగినచో, అది మిక్కిలి తెలివైన ప్రశ్న. పాలసీ గలవారికి ఐఆర్‌డీఏఐ 2021 మార్చిలో సమాధానము చెప్పినది: టీకా వికటించి ఆసుపత్రిలో చేరినచో ఆ ఖర్చు పాలసీ క్రిందికి వచ్చును. పాలసీ లేనివానికి ఆ సమాధానమును అంత స్పష్టముగ, అతని భాషలో, అతని వాకిటికి పోయి చెప్పినచో సగము భయము తీరియుండెడిది. ఆ వాకిటికి పోయినది ఆశా కార్యకర్తలే. వారికిని, తక్కిన వైద్యసిబ్బందికిని కోవిడ్ విధులలో ప్రాణము పోయినచో కుటుంబమునకు 50 లక్షల రూపాయలిచ్చు బీమాను కేంద్రము 2020 మార్చి 30నుండి అమలుచేసినది. నెలకు చాలీచాలని పారితోషికముతో తిరుగు స్త్రీలకు అది గౌరవప్రదమైన భరోసా.

ప్రైవేటు బీమా చేసిన యత్నమును గూర్చి కొంచెము చెప్పవలెను. ఐఆర్‌డీఏఐ ఆజ్ఞచే 2020 జులై 10 నాటికి కంపెనీలు కరోనా కవచ్ అను పాలసీని తెచ్చినవి. అర లక్షనుండి అయిదు లక్షల వఱకు మొత్తము, మూడున్నర, ఆఱున్నర, తొమ్మిదిన్నర నెలల గడువు, ఇంటివద్ద చికిత్సకును పదునాలుగు దినముల వఱకు ఖర్చు: ఇదంతయు మేలే. కాని పాలసీ కొన్న పిదప పదునైదు దినముల వఱకు వచ్చిన జబ్బునకు అది వర్తించెడిది కాదు. పొరుగింట దగ్గు వినబడిన నాడు పాలసీకై పరుగెత్తుట ఇల్లు కాలుచుండగ బావి త్రవ్వుటయే. బీమా యనునది ఆరోగ్యముగ నున్న నాడు కొనవలసిన వస్తువు. మనవారు దానిని జబ్బు చేసిన నాడు వెదకుదురు.

మన తెలుగు కుటుంబములు వేలకొలదిగ స్థిరపడిన అమెరికాలో బీమా ప్రధానముగ ప్రైవేటు కంపెనీల చేతనున్నది. అక్కడ 2020 జనవరి 31న అత్యవసరస్థితిని ప్రకటించి, కోవిడ్ పరీక్షకు, టీకాకు కంపెనీలు రోగినుండి వాటా అడుగరాదని చట్టము చేసిరి. టీకాలను ప్రభుత్వమే కొని పంచినది. 2023 మే 11న అత్యవసరస్థితి ముగియగనే పరీక్షలను ఉచితముగ భరింపవలెనను నిర్బంధము కంపెనీలకు తొలగిపోయినది. ఆపదలో ఇచ్చిన హక్కునకు ఆపదతోనే గడువు తీరుట లోకమంతట నున్న నడవడియే. ఆ లెక్కన మహారాష్ట్రమును మెచ్చుకొనవలెను: 2020లో తాత్కాలికముగ తెఱచిన తలుపును 2023లో శాశ్వతముగ తెఱచి, కార్డు రంగుతో పనిలేకుండ ఫులే పథకమును అందఱికి వర్తింపజేసి, హద్దును కుటుంబమునకు అయిదు లక్షలకు పెంచుటకు నిర్ణయించినది. తెలంగాణయు 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ హద్దును పది లక్షలు చేసినది.

మొత్తములు పెరిగినవి, ఏరు మాత్రము అట్లే యున్నది. ఆయుష్మాన్ జాబితాలో నున్న సిరొంచ కుటుంబము నేడు తెలంగాణలో ఆ పథకమునకు చేరిన ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చును. ఆ జాబితాలో లేక, కేవలము ఫులే పథకమునే నమ్ముకొన్న కుటుంబమునకు ఏటి కావల రాష్ట్రపు కార్డు చెల్లదు. ఇది సరిదిద్దరాని లోపమా? కాదు. ఇదే మహారాష్ట్ర ప్రభుత్వము, కర్ణాటకములోని మరాఠీ మాటాడు 865 సరిహద్దు గ్రామముల వారికి ఫులే పథకమును విస్తరించినది. కర్ణాటకము అభ్యంతరము చెప్పినను వెనుదీయలేదు. అక్కడ రాష్ట్రముల నడుమ నున్నది పాత సరిహద్దు వ్యాజ్యము, ఇక్కడ గోదావరి గట్టున అట్టి వ్యాజ్యము లేదు. ఆ గ్రామములు మహారాష్ట్రమున లేకున్నను కార్డు దాటిపోగలిగినప్పుడు, మహారాష్ట్రపు సొంత పౌరుడు వైద్యమునకై పోవు మంచిర్యాల, కరీంనగరు, వరంగల్లు ఆసుపత్రులకు ఆ కార్డు దాటిపోలేకపోవుటకు చెప్పదగిన కారణమేదియు కనబడదు. కార్డు సరిహద్దు దాటరాదను నియమము ప్రకృతి సిద్ధము కాదు. అది ప్రభుత్వములు పెట్టుకొన్నది, ప్రభుత్వములే తీసివేయగలవు.

రెండు ప్రభుత్వములు చేయవలసిన పని పెద్దది గాదు. సరిహద్దు తాలూకాల వారికై ఆవలి యొడ్డున కొన్ని ఆసుపత్రులను ఫులే పథకములో చేర్చుకొనుట, అదే విధముగ తెలంగాణ తన పౌరులకై ఈవలి యొడ్డున చేయుట, ప్రజారోగ్య అత్యవసరస్థితి ప్రకటింపబడిన నాటినుండి కార్డు ఏ రాష్ట్రపుదని అడుగక చికిత్స చేసి లెక్కలు తరువాత తేల్చుకొనునట్లు ముందుగనే ఒడంబడిక వ్రాసికొనుట: ఇంతే. మహమ్మారి వచ్చిన పిదప వ్రాయు ఒడంబడిక పుల్లూరు గేటు వద్ద ఆగిన బండిలోని రోగికి ఉపకరింపదు.

పాఠకులు చేసికొనవలసినది కూడ కలదు. జబ్బు లేని నాడే మీ కుటుంబము పేరు ఆయుష్మాన్ జాబితాలో నున్నదో లేదో 14555 నంబరుకు ఫోను చేసి కనుగొనుడు. మహారాష్ట్రవాసులకు ఫులే పథకపు సమాచారము 155388లోను, తెలంగాణవారికి ఆరోగ్యశ్రీ సంగతులు 104లోను దొరకును. డెబ్బది యేండ్లు నిండిన పెద్దలుండినచో, రాబడితో నిమిత్తము లేక అయిదు లక్షల రక్షణ ఇచ్చు ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు 29నుండి ఇయ్యబడుచున్నది గనుక దానిని తీయించుడు. మీకు దగ్గఱనున్న ఏ ఆసుపత్రి ఏ పథకములో చేరినదో తెలిసికొని, ఇంటిలో అందఱికి తెలియునట్లు ఆ పేరు వ్రాసి పెట్టుడు. కార్డులోని పేరును, ఆధార్‌లోని పేరును అక్షరము తప్పక సరిపోవునట్లు దిద్దించుకొనుడు. మరాఠీలో ఒక తీరుగ, తెలుగులో ఒక తీరుగ పలుకబడు ఇంటిపేర్లు గల సిరొంచ వారికి ఇది మఱింత అవసరము. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, కావలసినది కొంత తీరిక మాత్రమే.